నాగ్‌పూర్‌లో నర్సరీ సీటు: సరిహద్దు జిల్లాల తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

దసరా వెళ్లగానే చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాల్, నాందేడ్ జిల్లాల తెలుగు ఇళ్లలో ఒక టెన్షన్ మొదలవుతుంది. పాపకి మూడేళ్లు నిండబోతున్నాయి, పెద్ద స్కూళ్ల ఫారాలు వచ్చేశాయట, మనం ఇంకా ఏమీ చేయలేదు అని. బల్లార్షా, ఘుగ్గుస్, వణీ గనుల నుంచి నాగ్‌పూర్ హెడ్డాఫీసుకి బదిలీ అయ్యేవాళ్లు, రైల్వే ఉద్యోగులు, దుకాణం అక్కడికి మార్చుకుంటున్నవాళ్లు, పిల్లల చదువు కోసమే ఊరు మారదామనుకుంటున్నవాళ్లు అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: నాగ్‌పూర్‌లో మంచి ప్రైవేటు స్కూల్లో నర్సరీ సీటు ఎలా వస్తుంది?

ఈ పోటీలో పరుగెత్తాల్సింది మనమే. మూడేళ్ల పిల్లని పరుగెత్తించకూడదు. రంగుల పేర్లు చెప్పలేదని పోయే సీట్ల కంటే, కాగితం సమయానికి చేతిలో లేక, పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉండి, చివరి తేదీ దాటిపోయి జారిపోయే సీట్లే ఎక్కువ. అందుకే ఇందులో ఎక్కువ భాగం కాగితాల గురించీ తేదీల గురించీ ఉంటుంది. చంద్రపూర్, నాందేడ్ నగరాల్లోని పేరున్న స్కూళ్లకి ప్రయత్నించేవాళ్లకి కూడా ఇవే మెట్లు పనికొస్తాయి.

మొదటి మెట్టు: నాగ్‌పూర్ ఇప్పుడే కావాలా?

కుటుంబం మొత్తం నాగ్‌పూర్‌లో ఉండబోతుంటే ఈ ప్రశ్న అక్కర్లేదు, తర్వాతి మెట్టుకి వెళ్లండి. కానీ నాన్న బల్లార్షాలోనో సిరొంచలోనో ఉండి, అమ్మ ఒక్కతే పిల్లని తీసుకుని నాగ్‌పూర్‌లో అద్దెకుండే ఆలోచన అయితే, ఒకసారి ఆగి ఆలోచించండి. నర్సరీ కోసం ఇల్లు రెండు ముక్కలు చేయొద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ వయసు పిల్లకి నాన్న, నానమ్మ, తాతయ్య మధ్య పెరగడం వల్ల దొరికే మాట, ధైర్యం ఏ స్కూలూ ఇవ్వలేదు. ఊళ్లోనే మంచి బాల్వాడీలోనో, దగ్గరి ఇంగ్లిష్ మీడియం స్కూల్లోనో వేసి, ఒకటో తరగతికి నాగ్‌పూర్ ప్రయత్నించవచ్చు.

"నర్సరీలో దొరక్కపోతే తర్వాత దొరకదు" అని భయపెట్టేవాళ్లు ఉంటారు. ఎక్కువ సీట్లు నర్సరీలోనే నిండిపోతాయన్నది నిజమే. అయితే నాగ్‌పూర్ బదిలీల ఊరు. రైల్వే, బొగ్గు, రక్షణ, బ్యాంకు ఉద్యోగుల పిల్లలు ఏటా వస్తూ పోతూ ఉంటారు కాబట్టి పై తరగతుల్లో ఖాళీలు పడుతూనే ఉంటాయి.

రెండో మెట్టు: వయసు లెక్క

మహారాష్ట్రలో వయసు లెక్కకి గీత డిసెంబరు 31. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఏ విద్యా సంవత్సరంలో చేరుతున్నారో ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటికి నర్సరీకి 3 ఏళ్లు, ఒకటో తరగతికి 6 ఏళ్లు నిండాలి. జూనియర్ కేజీకి 4, సీనియర్ కేజీకి 5 అవుతాయి. అంటే 2027-28లో నర్సరీలో వేయాలంటే 2024 డిసెంబరు 31 లోపు పుట్టి ఉండాలి.

కేంద్రీయ విద్యాలయాల లెక్క వేరు. అక్కడ గీత మార్చి 31. నర్సరీ లాంటి బాల్‌వాటిక-1కి ఆ తేదీకి 3 ఏళ్లు, ఒకటో తరగతికి 6 ఏళ్లు నిండాలి. 2024 ఆగస్టులో పుట్టిన బాబు సంగతి చూడండి. మహారాష్ట్ర లెక్కలో 2027-28లో నర్సరీ, 2030-31లో ఒకటో తరగతి. అదే బాబు కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి వెళ్లాలంటే 2031-32 దాకా ఆగాలి. బదిలీ ఉద్యోగం ఉన్నవాళ్లు, రేపు హైదరాబాద్ వైపు వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు ఈ తేడాని ముందే కాగితం మీద వేసుకోవాలి. ప్రైవేటు సీబీఎస్ఈ స్కూళ్లలో కొన్ని సొంత తేదీ పెట్టుకుంటాయి, కాబట్టి ఫారం కొనే ముందు "ఏ తేదీకి లెక్క?" అని అడగండి.

అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో పుట్టిన పిల్లల విషయంలో నా సలహా ఒక్కటే: ఒక ఏడాది ఆగండి. 2024 డిసెంబరులో పుట్టిన పాపని 2027 ఏప్రిల్‌లో సీబీఎస్ఈ స్కూల్లో కూర్చోబెడితే, తనకి అప్పటికి రెండేళ్లు దాటి నాలుగు నెలలే. నియమం ఒప్పుకుంటుంది, పాప ఒప్పుకోదు. ఏడాది ఆగితే ఆరున్నరేళ్ల లోపే ఒకటో తరగతిలో ఉంటుంది, మార్చి 31 గీతకి కూడా సరిపోతుంది.

మూడో మెట్టు: జనన ధ్రువపత్రం, పిల్ల పేరు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మన కుటుంబాలకి ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే.

జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకి, స్కూలు అడ్మిషన్‌తో సహా, పుట్టిన తేదీకీ స్థలానికీ రుజువు జనన ధ్రువపత్రమే. ఇప్పుడు నర్సరీకి వస్తున్నది ఆ పిల్లలే. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, అంగన్‌వాడీ కార్డు చూపించి పని జరుపుకునే కాలం పోయింది.

మన ఆడపిల్లలు కాన్పుకి పుట్టింటికి వెళ్తారు. పుట్టిల్లు మంచిర్యాల, ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు అయితే బిడ్డ పుట్టుక తెలంగాణలో నమోదవుతుంది. పత్రం అక్కడి మున్సిపాలిటీ లేదా గ్రామ పంచాయతీ నుంచే తీసుకోవాలి, మీ సేవ కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. బల్లార్‌పూర్ (బల్లార్షా) నగర పరిషద్ చుట్టూ తిరిగి లాభం లేదు. తెలంగాణ పత్రం దేశమంతా చెల్లుతుంది. "మహారాష్ట్ర పత్రమే తెండి" అని కౌంటర్ దగ్గర ఎవరైనా అంటే, నియమం ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడగండి.

చాలా పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే నమోదయ్యే నాటికి ఇంకా బారసాల కాలేదు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు, తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. ఇప్పుడే చేర్పించండి. ఫారాలు వచ్చాక ఈ పని పెట్టుకుంటే రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతూనే చివరి తేదీ దాటిపోతుంది.

ఇక పేరు రాసే పద్ధతి. మనం ఇంటి పేరు ముందు రాస్తాం. మహారాష్ట్రలో పిల్ల పేరు, తండ్రి పేరు, ఆఖరున ఇంటి పేరు అనే ఆడ్‌నావ్. ఆధార్‌లో "గుండేటి సాయి చరణ్" అని ఉందనుకోండి. ఆన్‌లైన్ ఫారంలో మూడు గడులుంటాయి. ఉన్న వరసలో నింపితే పిల్లవాడి పేరు గుండేటి, తండ్రి పేరు సాయి, ఇంటి పేరు చరణ్ అయిపోతుంది! నవ్వొచ్చే సంగతి కాదిది. పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెంటాడుతుంది. మొదటి గడిలో సాయి చరణ్, రెండో గడిలో తండ్రి పేరు, మూడో గడిలో గుండేటి అని మీరే దగ్గరుండి నింపండి. కె. సాయి, పి. లక్ష్మి లాంటి పొట్టి అక్షరాల పేర్లయితే ఇంటి పేరు పూర్తిగా విప్పి రాయించండి.

మన వైపు ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. తాతగారి భూమి కాగితాల్లో "గుండేటి", నాన్న స్కూలు దాఖలాలో "గుండేటివార్" అని ఉంటుంది. చంద్రపూర్, యవత్మాల్ వైపు చాలా తెలుగు ఇళ్ల పేర్లకి చివర వార్ చేరిపోయింది. పిల్లకి ఏది ఉంచాలో ఇప్పుడే తేల్చుకోండి. తండ్రి దాఖలాలో ఉన్నదే పిల్లకీ ఉంచితే, కుల ధ్రువపత్రం పనికి వెళ్లినప్పుడు సులువవుతుంది.

స్పెల్లింగ్ కూడా చూసుకోవాలి. స్వాతి, లత లాంటి పేర్లని మనం ఇంగ్లిష్‌లో టీ పక్కన హెచ్ పెట్టి రాస్తాం, మరాఠీ గుమాస్తా ఒట్టి టీ పెడతాడు. మన వెంకటేశ్ అక్కడ వ్యంకటేశ్ అయిపోతాడు. ఒక తెల్ల కాగితం మీద పిల్ల పేరు, అమ్మ పేరు, నాన్న పేరు ఇంగ్లిష్‌లోనూ దేవనాగరిలోనూ రాసి, దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎక్కడ ఏ ఫారం నింపినా అదే చూసి నింపాలి. ఆధార్ కూడా దానికే సరిచేయించండి. ఐదేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు లేకుండానే బాల ఆధార్ ఇస్తారు, ఐదు నిండాక వేలిముద్రలు నమోదు చేయించాలి. ఆధార్ లేదని అడ్మిషన్ ఆపకూడదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఉంటే మీకే సౌకర్యం.

నాలుగో మెట్టు: చిరునామా, కులం, ఆదాయం

చిరునామాకి కరెంటు బిల్లు, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, కంపెనీ క్వార్టర్ అయితే అలాట్‌మెంట్ లెటర్. అద్దె ఇల్లయితే రిజిస్టర్ చేయించిన అగ్రిమెంట్ కావాలి, నోటరీ కాగితంతో చాలాచోట్ల పని జరగదు. నాగ్‌పూర్‌లో ఇల్లు చూసుకునేటప్పుడే ఓనర్‌తో ఈ మాట మాట్లాడుకోండి. కొందరు ఓనర్లు రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోరు, ఆ సంగతి అడ్వాన్సు ఇచ్చాక తెలిస్తే ఇరుక్కుపోతారు.

మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అంటున్న జీవతి తాలూకా సరిహద్దు గ్రామాల వాళ్ల దగ్గర రెండు వైపుల రేషన్ కార్డులూ ఓటరు కార్డులూ ఉంటాయి. అడ్మిషన్ ఫైల్లో ఒక వైపు కాగితాలే పెట్టండి. నాగ్‌పూర్‌లో వేస్తుంటే అన్నీ మహారాష్ట్రవే ఉండాలి. ఒకటి అటుది, ఒకటి ఇటుది కలిపితే పరిశీలనలో ప్రశ్నలు మొదలవుతాయి.

కుల ధ్రువపత్రం మామూలు ప్రైవేటు సీటుకి అక్కర్లేదు, ఆర్టీఈ, అంటే విద్యాహక్కు చట్టం కింద వచ్చే సీటుకి కావాలి. తెలంగాణలోనో ఆంధ్రలోనో తీసుకున్న పత్రం మహారాష్ట్రలో రిజర్వేషన్‌కి చెల్లదు. ఇక్కడ పత్రం కావాలంటే మీ పూర్వీకులు ఒక తేదీకి ముందు నుంచి ఈ రాష్ట్ర పరిధిలో ఉన్నట్టు రుజువు చూపాలి: ఎస్సీలకి 1950 ఆగస్టు 10, ఎస్టీలకి 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకి 1961 నవంబరు 21, ఓబీసీలకి 1967 అక్టోబరు 13. రాజురా వైపు వాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, తర్వాత నాందేడ్‌కి, 1959లో చంద్రపూర్‌కి వచ్చింది. తాతల కాలపు కాగితాలు ఉర్దూలో ఉండొచ్చు, ఆదిలాబాద్ రికార్డుల్లో వెతకాల్సి రావొచ్చు. దీనికి నెలలు పడుతుంది, అందుకే పిల్లకి రెండేళ్లున్నప్పుడే మొదలుపెట్టండి. తల్లి తరఫు పత్రంతో సాధారణంగా పని జరగదు, తండ్రి తరఫుదే అడుగుతారు.

ఉత్పన్నాచా దాఖలా, అంటే ఆదాయ ధ్రువపత్రం, తహసీల్దారు ఇస్తారు. సేతు కేంద్రంలో గానీ ఆప్‌లే సర్కార్ పోర్టల్లో గానీ దరఖాస్తు చేయవచ్చు.

ఐదో మెట్టు: స్కూళ్లు ఎంచుకోవడం

పేరు విని ఎంచుకోకండి. ముందు మ్యాపు తెరిచి, మీరుండబోయే ఇంటి చుట్టూ చూడండి. నాగ్‌పూర్‌లో భవన్స్, సెంటర్ పాయింట్ లాంటి పేరున్న స్కూళ్లకి ఊరంతా ఒకటికి మించి శాఖలున్నాయి. బంధువు చెప్పిన శాఖ మీ ఇంటికి దూరమైతే, దగ్గర్లోని వేరే మంచి స్కూలే మీ పాపకి మేలు. మూడేళ్ల పిల్లకి ఒక వైపు ప్రయాణం అరగంట దాటకూడదని నా అభిప్రాయం. రాష్ట్రంలోని స్కూల్ బస్సు నియమాల ప్రకారం చిన్నపిల్లల బస్సులో మహిళా సహాయకురాలు ఉండాలి. బస్సు వచ్చే వేళకి వెళ్లి మీ కళ్లతో చూడండి.

తర్వాత గుర్తింపు. ప్రతి గుర్తింపు పొందిన స్కూలుకీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, మహారాష్ట్రవి 27తో మొదలవుతాయి. సీబీఎస్ఈ అని బోర్డు పెట్టుకున్న స్కూలు అఫిలియేషన్ నంబరు అడిగి బోర్డు వెబ్‌సైట్‌లో చూడండి. ఆ గుర్తింపు ఏ చిరునామాకి ఉందో కూడా చూడాలి. రంగురంగుల ఫ్రాంచైజీ ప్రీస్కూల్లో వేసేవాళ్లు ఇంకొకటి అడగాలి: సీనియర్ కేజీ అయ్యాక ఒకటో తరగతికి ఎక్కడికి పంపుతారు? "మా పెద్ద స్కూల్లో నేరుగా తీసుకుంటారు" అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇవ్వకపోతే మూడేళ్ల తర్వాత మళ్లీ ఇదే క్యూలో నిలబడాలని అర్థం.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. సీబీఎస్ఈ స్కూళ్లకి చదువు ఏప్రిల్లో మొదలవుతుంది, స్టేట్ బోర్డు స్కూళ్లకి విదర్భలో జూన్ చివర. మన వైపు ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మొదటిసారి ఇల్లు వదిలి బడికి వెళ్లే పిల్ల ఆ ఎండలో వెళ్లాలి. నర్సరీకి ఏప్రిల్ వేళలు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, గదిలో కూలర్ ఉందా, నీళ్లు ఎక్కడ తాగిస్తారు, ఇవన్నీ అడిగి తీరాలి.

భాష విషయం. 2020 చట్టం ప్రకారం మహారాష్ట్రలో ఏ బోర్డు స్కూలైనా మరాఠీ నేర్పాల్సిందే. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, బడిలో ఇంగ్లిష్ మాట్లాడతారు. ఆ వయసులో ఇది బరువు కాదు, బలం. కేజీలోనే మరాఠీ పాటలు, మాటలు మొదలుపెట్టే స్కూలైతే మీ పాపకి ఒకటో తరగతిలో మరాఠీ కొత్తగా అనిపించదు. "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాట్లాడండి" అని సలహా ఇచ్చే టీచరు ఉన్న స్కూలుకి నేనైతే పంపను. అమ్మమ్మతో మాట్లాడే భాష పిల్ల నుంచి తీసేస్తే దానికి బదులుగా ఏ స్కూలూ ఏదీ ఇవ్వలేదు.

ఆరో మెట్టు: ఫారాలు

నాగ్‌పూర్‌లో చాలా స్కూళ్ల నర్సరీ ఫారాలు దీపావళికి కాస్త ముందూ వెనకా వస్తాయి. హైదరాబాద్ కూడా ఆలోచిస్తున్నవాళ్లు ఇంకా ముందు నుంచి, ఆగస్టు నుంచే కన్నేసి ఉంచాలి. దినపత్రికలో ప్రకటన కోసం ఎదురుచూడకండి. అనుకున్న ప్రతి స్కూలు వెబ్‌సైట్‌నూ సెప్టెంబరు నుంచి వారానికోసారి చూడండి, ఆఫీసుకి ఫోన్ చేసి తేదీ అడగండి.

నాలుగైదు స్కూళ్లకి మించి వేయొద్దు. అందులో కనీసం రెండు ఇంటికి దగ్గరగా, పోటీ తక్కువగా ఉన్నవి ఉండాలి. ఫారం రుసుము తిరిగి రాదు, పది స్కూళ్లకి వేస్తే ఆ డబ్బే ఒక నెల ఇంటి ఖర్చవుతుంది. చాలా స్కూళ్లు అక్కడే చదివే అన్నయ్య, అక్కయ్య ఉన్న పిల్లలకి ముందు సీటిస్తాయి, తర్వాత దగ్గర్లో ఉండేవాళ్లకి, పూర్వ విద్యార్థుల పిల్లలకి. కొన్నిచోట్ల లాటరీ తీస్తారు. మీరు ఏ వరసలో పడతారో ఆఫీసులో అడిగితే చెబుతారు. అడిగాకే ఫారం కొనండి.

ఫారం నింపాక ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసి, రసీదు నంబరు రాసి పెట్టుకోండి. పిల్ల ఫోటోలు, టీకా కార్డు, జనన ధ్రువపత్రం నకళ్లు ఒక ఫైల్లో సిద్ధంగా ఉండాలి. నెట్ సెంటర్ కుర్రాడి ఈమెయిల్‌తో ఫారం నింపకండి, ఇంటరాక్షన్ తేదీ అతనికి వెళ్తుంది, మీకు రాదు.

ఏడో మెట్టు: ఆర్టీఈ 25 శాతం సీట్లు

2009 విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూళ్లు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఇవ్వాలి. ఈ సీటు వస్తే ఎనిమిదో తరగతి దాకా ట్యూషన్ ఫీజు లేదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, విముక్త, సంచార జాతులకి ఆదాయ పరిమితి లేదు, మిగతావాళ్లకి కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉండాలి.

దరఖాస్తు రాష్ట్ర విద్యాశాఖ పోర్టల్లోనే, ఉచితం. 2025-26కి జనవరిలోనే దరఖాస్తులు తీసుకున్నారు, కాబట్టి డిసెంబరు నుంచే చూస్తూ ఉండండి. పది స్కూళ్ల దాకా ఎంచుకోవచ్చు. 2025-26లో ఇంటి నుంచి కిలోమీటరు లోపు ఉన్న స్కూళ్లకి ముందు, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాటికి ప్రాధాన్యం ఇచ్చారు. మ్యాపు మీద ఇంటి గుర్తు సరిగ్గా పెట్టండి. స్కూలుకి దగ్గరగా కనిపించాలని వేరే చోట గుర్తు పెడితే పరిశీలనలో సీటు పోతుంది, కేసు కూడా కావచ్చు. ప్రభుత్వ స్కూలు దగ్గర్లో ఉంటే ప్రైవేటు స్కూలుకి ఈ బాధ్యత లేదని 2024లో తెచ్చిన నియమాన్ని ఆ ఏడాది జులైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అందుకే ఇప్పుడు జాబితాలో ప్రైవేటు స్కూళ్లు మళ్లీ కనిపిస్తున్నాయి. అల్పసంఖ్యాక వర్గాల స్కూళ్లకి 2014 సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఈ చట్టం వర్తించదు. కాన్వెంట్ కోసం ఈ దారిలో వెతక్కండి.

"లాటరీలో పేరు తెప్పిస్తా" అంటూ డబ్బడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ లాటరీ రాష్ట్ర స్థాయిలో కంప్యూటర్ తీస్తుంది. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఎనిమిదో మెట్టు: ఇంటరాక్షన్

ఆర్టీఈ చట్టం 13వ సెక్షన్ పిల్లకీ తల్లిదండ్రులకీ పరీక్ష పెట్టి వడపోయడాన్ని నిషేధించింది. మొదటిసారికి 25,000, తర్వాత ప్రతిసారికీ 50,000 రూపాయల దాకా జరిమానా. కానీ ఆ చట్టం నిర్వచనంలో బిడ్డ అంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు, అందుకే నర్సరీ స్థాయిలో స్కూళ్లు "ఇది పరీక్ష కాదు, పరిచయం" అంటూ పిలుస్తూనే ఉన్నాయి. ఆ రోజు చట్టం వల్లించడం వల్ల ఒరిగేదేమీ లేదు. సిద్ధమై వెళ్లండి.

కోచింగ్ మాత్రం పెట్టకండి. ఇంటరాక్షన్‌కి ట్రైనింగ్ అని రెండున్నరేళ్ల పిల్లలని గదిలో కూర్చోబెట్టి పండ్ల పేర్లు బట్టీ పట్టించే సెంటర్లు వెలిశాయి. అక్కడ నేర్చుకున్న పిల్ల కొత్త టీచర్ని చూడగానే బిగుసుకుపోతుంది, ఎందుకంటే తప్పు చెప్తే అమ్మ ముఖం మారుతుందని తనకి అర్థమైపోయింది. దానికి బదులు ఇంట్లో నాలుగు పనులు అలవాటు చేయండి: తన పేరు చెప్పడం, తన చేత్తో తినడం, చెప్పులు వేసుకోవడం, బాత్రూమ్‌కి వెళ్లాలని చెప్పడం.

చివరిది తెలుగు ఇళ్ల పిల్లలకి చాలా ముఖ్యం. బడిలో టీచరుకి "అమ్మా, ఒంటేలు" అంటే అర్థం కాదు. పాణీ (నీళ్లు), శూ (ఒంటేలు), శీ (దొడ్డికి), దుఖ్తయ్ (నొప్పిగా ఉంది) లాంటి కొన్ని మరాఠీ, హిందీ మాటలు ఆటలో నేర్పండి. సీటు వచ్చినా రాకపోయినా ఆ మాటలు బిడ్డని బడిలో ఏడవకుండా కాపాడతాయి.

పిల్ల ఇంగ్లిష్ ప్రశ్నకి తెలుగులో జవాబిస్తే కంగారుపడి మధ్యలో దూరకండి. "మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం మేడమ్, తనకి అర్థమైంది, తెలుగులో చెబుతోంది" అని నెమ్మదిగా చెప్పండి. మంచి టీచరు ఆ మాటతో సంతోషిస్తుంది. మీరు కూడా రాని ఇంగ్లిష్‌తో తడబడొద్దు. మరాఠీలోనో హిందీలోనో ధారాళంగా మాట్లాడే తండ్రి, గుర్తుపెట్టుకున్న ఇంగ్లిష్ వాక్యాలు అప్పజెప్పే తండ్రి కంటే నమ్మకం కలిగిస్తాడు. అడిగేవి సాధారణంగా ఇవే: ఈ స్కూలే ఎందుకు, ఇంట్లో ఎవరెవరుంటారు, పిల్లని ఎవరు తెచ్చి దింపుతారు, బదిలీ అయ్యే ఉద్యోగమా. నిజమే చెప్పండి. బదిలీ ఉందని దాచినా తర్వాత తెలిసిపోతుంది.

వెళ్లే రోజు సంగతి: చంద్రపూర్ నుంచి నాగ్‌పూర్ దాదాపు 150 కిలోమీటర్లు. తెల్లవారుజామున లేపి బస్సెక్కిస్తే పిల్ల అక్కడికి చేరేసరికి వడలిపోతుంది. ముందు రాత్రే వెళ్లి బంధువుల ఇంట్లో పడుకోండి.

తొమ్మిదో మెట్టు: ఫీజు

సీటొచ్చిందనగానే ఒక్క రోజులో కట్టమంటారు. కట్టే ముందు మొత్తం ఏడాది ఖర్చు కాగితం మీద అడగండి: అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, యాక్టివిటీ. పైకి చెప్పే ఫీజు ఒకటి, ఏడాది చివరికి తేలేది ఇంకొకటి. మహారాష్ట్రలో డొనేషన్ తీసుకోవడం 1987 చట్టం ప్రకారం నేరం. ఫీజుల నియంత్రణకి 2011 చట్టం ఉంది, దాని ప్రకారం ఫీజుని తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘం కార్యవర్గం ముందు పెట్టాలి. మీ ఫీజు అలా ఆమోదం పొందిందా అని అడిగే హక్కు మీకుంది. రసీదు లేకుండా చేతికి డబ్బు ఇవ్వకండి, "బిల్డింగ్ ఫండ్" అన్నా సరే.

ఇంకో స్కూలు ఫలితం రావాల్సి ఉంటే, సీటు వదులుకుంటే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా అడిగి కట్టండి. రైల్వే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ వస్తుంది కాబట్టి రసీదులు దాచుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ట్యూషన్ ఫీజుని పన్ను మినహాయింపుకి చూపవచ్చు, నర్సరీకి కూడా.

ఫీజు కట్టిన రోజే ఆఫీసులో జనరల్ రిజిస్టర్‌లో పిల్ల పేరు ఎలా రాశారో చూపించమని అడగండి. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లి పేరు, కులం గడి అన్నీ చదవండి. కులం గడిలో "తెలుగు" అని రాస్తే ఒప్పుకోకండి, కులం పేరే ఉండాలి. రేపు స్కూలు మారినప్పుడు ఇచ్చే దాఖలా, పెద్దయ్యాక కుల పరిశీలన కమిటీ చూసే రుజువు ఈ రిజిస్టరే. ఈ రోజు దిద్దించడం ఐదు నిమిషాల పని, పదేళ్ల తర్వాత అఫిడవిట్లు, గెజెట్ అంటూ తిరగాలి.

జాబితాలో పేరు లేకపోతే

వెయిటింగ్ లిస్టులో నంబరు అడిగి రాసుకోండి. రెండు స్కూళ్లలో సీటొచ్చినవాళ్లు ఒకటి వదిలేస్తారు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా జాబితా కదులుతూనే ఉంటుంది. రెండు వారాలకోసారి ఫోన్ చేయండి, అంతకంటే ఎక్కువ వద్దు.

కేంద్రీయ విద్యాలయం దారి కూడా ఉంది. నాగ్‌పూర్‌లో అజ్నీ, వాయుసేనా నగర్ లాంటి చోట్ల ఉన్నాయి, చంద్రపూర్ జిల్లాలో భద్రావతి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ దగ్గర ఉంది. బాల్‌వాటిక అన్నిట్లో లేదు, ముందు కనుక్కోండి. దరఖాస్తులు సాధారణంగా మార్చిలో ఆన్‌లైన్‌లో మొదలవుతాయి. కేంద్ర ప్రభుత్వ, రైల్వే ఉద్యోగుల పిల్లలు మొదటి వరసలో, బొగ్గు గనుల లాంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల పిల్లలు రెండో వరసలో వస్తారు. గనిలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి తమ వరస ఇదని తెలియదు, దరఖాస్తే చేయరు. సర్వీసు సర్టిఫికెట్, గత ఏడేళ్ల బదిలీల వివరాలు మీ సంస్థ పర్సనెల్ ఆఫీసు నుంచి ఫిబ్రవరిలోనే తీసుకోండి. మార్చిలో ఆ ఆఫీసు ముందు ఇదే కాగితం కోసం క్యూ ఉంటుంది.